భద్రత ఎవరి చేతిలో ఉంది?

“భద్రత” అనే మాటకు మన పాలకుల భాషలో అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది. శాంతిభద్రతలంటే పోలీసు స్టేషను. దేశభద్రత అంటే సరిహద్దూ, సైన్యమూ. ఉద్యోగభద్రత అన్నప్పుడు ఆ మాట కాస్త ఇంటి గడప దాకా వస్తుంది గానీ, అదీ నెలజీతం ఉన్న ఇంటి గడప దాకానే. రేపు పొయ్యిలో పిల్లి లేస్తుందో లేదో తెలియని మనిషి భయాన్ని చెప్పడానికి ఆ భాషలో చాలాకాలం మాటే లేదు. 1994లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తన మానవాభివృద్ధి నివేదికలో “మానవ భద్రత” అనే భావాన్ని ముందుకు తెచ్చింది. ఆయుధాలతో సరిహద్దులు కాపాడుకోవడం ఒక్కటే భద్రత కాదనీ, ఆకలి, జబ్బు, నిరుద్యోగం లాంటి నిత్యభయాల నుంచి మనిషికి రక్షణ ఉండాలనీ ఆ నివేదిక వాదించింది. ప్రపంచం దాన్ని కొత్త ఆలోచనగా చర్చించింది. తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు మాత్రం అందులో మరీ కొత్తేమీ కనిపించదు. “దేశభక్తి” గేయంలో దేశానికి బలం ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పవలసి వచ్చినప్పుడు గురజాడ ఆయుధం దగ్గరికి పోలేదు, పంట దగ్గరికీ తిండి దగ్గరికీ వెళ్లాడు.

గురజాడ తర్వాతి మన మంచి కథకులు ఈ విషయాన్ని ఎలా పట్టుకున్నారు, మన విమర్శ దాన్ని ఎంతవరకు గుర్తించింది అన్నదే ఈ వ్యాసం పరిశీలించదలచుకున్న సంగతి. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన అభ్యుదయ విమర్శ ఈ రచనలన్నిటినీ “పేదరికం కథలు” అని ఒకే గాటన కట్టి, వాటిలోని లేమినే చూసింది. లేమి సగం సంగతి. తిండీ, నీరూ, కూలీ మనిషికి ఎవరి చేతి మీదుగా అందుతున్నాయి, ఆ చెయ్యి ఎప్పుడు వెనక్కి పోగలదు అన్నది మిగతా సగం. దయగా అందిన కూడు ఆ పూటకు ఆకలి తీరుస్తుంది. మరుసటి పూట గురించిన భయాన్ని తీర్చదు. ఆ భయం తీరినప్పుడే దాన్ని భద్రత అనగలం. మన ఉత్తమ కథకులు ఈ తేడాను సిద్ధాంతంగా చెప్పకుండా లెక్కలు కట్టి చూపించారు. ఆ లెక్కల్ని మనం సరిగా చదవలేదు.

1

“మాలపల్లి”తో మొదలుపెడదాం. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో రాసిన ఈ నవలను మనం జాతీయోద్యమ నవల అనీ, దళితుల జీవితాన్ని మొదటిసారి విస్తారంగా చిత్రించిన నవల అనీ పాఠాలు చెప్పుకుంటున్నాం. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించిన సంగతీ చెప్పుకుంటాం. కాని అందులో కూలీలకూ రైతుకూ తగువు ఎక్కడ వచ్చింది? కూలి గింజల రూపంలో ఇవ్వాలా, డబ్బు రూపంలో ఇవ్వాలా అన్నచోట వచ్చింది. ధాన్యం ధర పెరిగిన కాలంలో గింజలు అమ్ముకుంటే లాభం, కూలీ చేతిలో డబ్బు పెడితే చవక అని భూస్వామి లెక్క. ఆ డబ్బు పట్టుకుని అంగడికి పోతే తన కుండ నిండదని కూలీ లెక్క. జగ్గడి ధర్మకన్నాల మీద జరిగినంత చర్చలో పదో వంతు కూడా ఈ కూలి తగువు మీద జరగలేదు. ధర్మకన్నాల్లో సాహసం ఉంది, కథకు కావలసిన ఊపు ఉంది. కూలి తగువులో ఉన్నది మనిషి బతుకు.

ఈ తగువు ఎంత లోతైనదో తెలియాలంటే ఒక్కసారి బెంగాల్ దాకా వెళ్లి రావాలి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ ఏడాదే బెంగాల్‌లో లక్షలాది మంది తిండి లేక చనిపోయారు. ఆ కరువును పరిశీలించిన అమర్త్య సేన్ 1981లో వెలువరించిన గ్రంథంలో ఒక కఠోర సత్యం బయటపెట్టాడు. ఆ ఏడు బెంగాల్‌లో ఉన్న బియ్యం, అంత కరువు రాని 1941తో పోలిస్తే ఎక్కువేనని ఆయన లెక్క. ధర పెరిగింది, కూలి పెరగలేదు. కొనే శక్తి పోయినవాళ్లు పోయారు. వ్యవసాయ కూలీలూ, చేపలు పట్టేవాళ్లూ, చేతివృత్తులవాళ్లూ ముందు పడిపోయారు. పంటలో వాటా గింజల రూపంలో దక్కే రైతులు వాళ్ల కంటే నయంగా నిలదొక్కుకున్నారు. అంటే మాలపల్లి కూలీలు గింజల కోసం పట్టుపట్టడం పాతపద్ధతి మీద మమకారం వల్ల కాదు. బజారు ధర తమ చేతిలో లేనప్పుడు గింజే తమకు రక్షణ అని వాళ్లకు తెలుసు. ఆర్థికశాస్త్రం ఆలస్యంగా రుజువు చేసిన విషయం నవలాకారుడికి పల్లెలోనే దొరికింది. మన విమర్శకు అది దొరకలేదు.

2

చాసో కథ “ఎంపు” చిన్న కథ. ముష్టెత్తుకుని బతికే ఒక ముసలివాడు తన కూతురికి మొగుణ్ని ఎంచే కథ అది. కుంటివాడు ఒకడున్నాడు, గుడ్డివాడు ఒకడున్నాడు. పిల్ల మనసు ఒకవైపు, తండ్రి లెక్క ఒకవైపు. గుడ్డివాడి మీద జనానికి జాలి ఎక్కువ, కాబట్టి రాబడి ఎక్కువ. అతన్ని చేసుకుంటే నీ బతుక్కి లోటుండదని తండ్రి బోధ. చాలామంది విమర్శకులు దీన్ని వ్యంగ్యకథగా చదివారు. పెళ్లి అనే వ్యవస్థ మీద చురక అన్నారు. మధ్యతరగతి పెళ్లిచూపులకు బిచ్చగాళ్ల వేషం వేశాడన్నారు. అదంతా ఉంది. కాని ఆ ముసలివాడి మాటల్లో నవ్వు పక్కన పెట్టి చూస్తే మిగిలేది ఒక తండ్రి భయం. తాను పోయాక కూతురి పూట ఎలా గడుస్తుందన్న భయం. ఆ భయానికి అతని దగ్గరున్న జవాబు ఒక్కటే: జనం జాలి ఎవరి మీద ఎక్కువ కురుస్తుందో వాడి పక్కన నిలబడడం.

భద్రత కోసం మనిషి జాలిని ఆస్తిగా లెక్కకట్టుకోవలసిన స్థితి ఇది. ఆ ఆస్తికి దస్తావేజు లేదు, వారసత్వం లేదు. దాతకు రేపు విసుగు పుడితే అది మాయమవుతుంది. చాసో ఈ మాటలేవీ అనడు. ముసలివాణ్ని మాట్లాడనిచ్చి తాను పక్కకు తప్పుకుంటాడు. రచయిత వ్యాఖ్య లేకపోవడం చూసి చాసోను “కళావాది” వైపు లాగబోయినవాళ్లూ లేకపోలేదు. లెక్క సరిగ్గా కట్టినచోట వ్యాఖ్య అవసరం పడదని మాత్రం మనం గుర్తించాలి.

3

ఈ దృష్టితో మళ్లీ చదవవలసిన కథల్లో మొదటిది కాళీపట్నం రామారావు “యజ్ఞం”. 1966లో “యువ”లో అచ్చయినప్పటి నుంచి దీని మీద జరిగినంత చర్చ తెలుగులో మరే కథ మీదా జరిగినట్లు లేదు. ఆ చర్చలో అధికభాగం ముగింపు మీదే. పంచాయితీ తీర్పు తర్వాత అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసికందును చంపి పెద్దల ముందుకు తెస్తాడు. ఇది సంభవమా? సంభవమైనా సమంజసమా? శత్రువు మీద ఎత్తవలసిన కత్తి బిడ్డ మీద ఎత్తడం ప్రగతిశీలమా? సాహిత్య విద్యార్థులతో ఈ కథ గురించి ఎప్పుడు మాట్లాడినా మొదటి ప్రశ్న అదే వస్తుంది. ప్రశ్న తప్పు కాదు. కాని ముగింపు మీదే చూపు నిలిపితే, దానికి ముందు రచయిత ఎన్నో పేజీలపాటు ఓపిగ్గా కట్టిన లెక్క చదవకుండా వదిలేసినవాళ్లమవుతాం.

ఆ లెక్క ఏమిటి? సుందరపాలెం వెనకబడిన ఊరు కాదు. శ్రీరాములునాయుడు స్వార్థపరుడైన మోతుబరిగా కనిపించడు. గాంధీ యుగం విలువలు నమ్మి ఊరిని బాగుచేసిన పెద్దమనిషి. ఊరు అభివృద్ధి చెందిందని అందరూ ఒప్పుకుంటారు. అప్పల్రాముడు సోమరి కాడు, దుబారా మనిషి కాడు. షావుకారు గోపన్న బాకీని ఎగ్గొట్టాలనీ చూడడు. అందరూ మంచివాళ్లే, ధర్మం తప్పినవాడు లేడు, ఊరు ముందుకు పోయింది. అయినా ఒక కష్టజీవి కుటుంబం చేతిలో ఉన్న చెక్క నేల అప్పు కింద పోతోంది. నేల పోతే వాళ్లకు మిగిలేది ఒకరి గడపలో పాలేరుతనం. ఇది ఎలా జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే కారా ఊరి ఆర్థిక చరిత్ర అంతా తవ్విపోశాడు.

జవాబు ఇది: ఊరి సౌకర్యం వేరు, మనిషి భద్రత వేరు. రోడ్డు వచ్చింది; ఆ రోడ్డు మీద బండి నడిపించే సరుకు ఉన్నవాడికి అది లాభించింది. డబ్బు చెలామణి పెరిగింది. అప్పిచ్చేవాడి పుస్తకం లావైంది. కూలితో, కొద్దిపాటి సేద్యంతో బతికేవాడికి పంట తప్పిన ఏడాది కాచుకునే ఆసరా మాత్రం ఏర్పడలేదు. ఆ ఏడాది గింజ అప్పుగా వచ్చింది, అప్పు వడ్డీని కన్నది. కనీసావసరం తీరడానికి అప్పు తప్ప దారి లేని చోట, అవసరం తీరిన ప్రతిసారీ స్వేచ్ఛ కొంత తరిగిపోతుంది. సీతారాముడి పని దారుణం. అయితే తన కొడుకు బానిసగా బతకకూడదన్న అతని మాట ఆవేశంలో పుట్టిన మాట కాదు. మూడు తరాల జమాఖర్చు చూసి రాసిన మొత్తం అది. ముగింపు ఒప్పుకోనివాళ్లు కూడా ఆ మొత్తాన్ని తప్పని నిరూపించలేరు.

“యజ్ఞం”లో నాకు కనిపించే లోపం ఒకటుంది. పంచాయితీలో మగవాళ్లే మాట్లాడతారు. అప్పు పెరుగుతున్న ఏళ్లలో ఆ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి ఏ లెక్క కట్టుకుందో వినబడదు. ఆ లోటును కారాయే తన తర్వాతి కథల్లో తీర్చాడు. “ఆర్తి”లో కూలి కుటుంబాలు రెండు ఒక ఆడపిల్ల కోసం తగువు పడతాయి. పైకి అది పుట్టింటి అత్తింటి తగాదా. లోపల, కష్టపడి కూలి తెచ్చే రెండు చేతుల కోసం తగాదా. ప్రేమ లేక కాదు వాళ్లు కొట్టుకునేది. ప్రేమను నిలబెట్టుకోడానికి కావలసిన నాలుగు గింజలు లేక. “జీవధార”లో గుడిసెల ఆడవాళ్లు నీళ్ల కోసం గొప్పింటి గేటు దగ్గర నిలబడతారు. ఊళ్లో నీళ్లు లేకపోలేదు, ప్రహరీ లోపల ఉన్నాయి. ఇంటివాళ్ల మనసు బాగుంటే దొరుకుతాయి. అడిగే గొంతు వినయంగా ఉండాలి, నిలబడే తీరు వినయంగా ఉండాలి. బిందెడు నీళ్లకు ఆ ఆడవాళ్లు చెల్లించే ధర ఆ వినయం. మరోవైపు గేటు లోపలివాళ్లకూ నిశ్చింత లేదు. బయట నిలబడ్డ దాహాన్ని చూసి వాళ్లకూ భయమే. కొందరి అవసరాల్ని గేటు బయట నిలబెట్టి, లోపలివాళ్లు పొందే భద్రత ఎంతకాలం నిలుస్తుందన్నదే ఆ కథ వేసే ప్రశ్న. మన ఇళ్ల గోడల మీద గాజుపెంకులు చూసినప్పుడల్లా ఆ ప్రశ్న మళ్లీ వేసుకోవచ్చు.

4

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. తిండి, ఇల్లు, ఉద్యోగం ఉన్నవాడు నిర్భయంగా ఉన్నాడా? రావిశాస్త్రి “అల్పజీవి” సుబ్బయ్యకు అన్నీ ఉన్నాయి. రెండు పూటలా తింటాడు. గుమాస్తా ఉద్యోగం ఉంది. అయినా ఆఫీసులో పై అధికారికి భయపడతాడు, ఇంట్లో బావమరిదికి భయపడతాడు, కంట్రాక్టరుకు భయపడతాడు. కాబట్టి భద్రతకూ కనీసావసరాలకూ సంబంధం లేదనీ, భయం మనస్తత్వానికి సంబంధించిందనీ కొందరు వాదించారు. చైతన్యస్రవంతి శిల్పం చూసి ఆ వాదానికి బలం ఉందనుకున్నారు.

సుబ్బయ్య భయాన్ని కాస్త దగ్గరగా చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. అతను తినే అన్నం అతనిది కాదు. పై అధికారి సంతకంలో ఉంది, పరువులో ఉంది, బావమరిది మాటలో ఉంది. ఎక్కడ ఏ తీగ తెగినా పళ్లెం జారిపోతుందని అతనికి తెలుసు. పేదవాడికి అన్నం లేక భయం, మధ్యతరగతివాడికి ఉన్న అన్నం పోతుందేమోనని భయం. రెండింటికీ వేరు ఒకటే. ఈ ఇద్దర్నీ ఒకరికొకరు శత్రువులుగా నిలబెట్టడం పాలకులకు తేలిక. సుబ్బయ్య లాంటివాడు గేటు లోపలివాళ్ల పక్షాన నిలబడేది తాను లోపల ఉన్నందువల్ల కాదు, బయటికి నెట్టేస్తారన్న భయంతో. ఈ మధ్యతరగతి భయాన్ని వెక్కిరించడం మన కథకులకు బాగా చేతనైంది. దాన్ని అర్థం చేసుకుని, కూలివాడి భయానికి బంధువని చూపించినవాడు రావిశాస్త్రి.

5

మరో అభ్యంతరం మన శిబిరం లోపలిదే. కడుపులు నింపితే పోరాటాలు చల్లారిపోతాయనీ, సంక్షేమం పాలకవర్గం పడేసే ఎముక అనీ మనలో కొందరి నమ్మకం. అందువల్ల రేషను, కూలి రేటు, తాగునీరు లాంటి విషయాల మీద వచ్చిన కథల్ని “సంస్కరణవాదం” అని పక్కకు నెట్టిన సందర్భాలున్నాయి. చరిత్ర ఈ వాదాన్ని బలపరచదు.

శ్రీకాకుళం మన్యం సంగతే తీసుకుందాం. గిరిజనుల నేల షావుకార్ల చేతికి అప్పుల కింద జారిపోయింది. సుందరపాలెంలో జరిగిందే కొండల మీద ఇంకా మొరటుగా జరిగింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక ఉద్యమం ఏ రూపం తీసుకుందో, ప్రభుత్వం దాన్ని ఏ విధంగా అణిచిందో మనకు తెలుసు. భద్రత పేరుతో పోలీసు క్యాంపులు వెలిశాయి. కాని అదే ప్రభుత్వం 1970లో ఏజెన్సీ భూబదలాయింపు నిబంధనలను సవరించి, 1/70 చట్టం తేవలసి వచ్చింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ఆ చట్టం మొదట భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం గిరిజనేతరుడిదే. అమలులో వేయి చిల్లులున్నా అది హక్కు. కనకనే 27 ఏళ్ల తర్వాత, 1997లో, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పినప్పుడు దానికి ఈ చట్టమే ఆధారమైంది. క్యాంపులు ఎత్తేశారు, చట్టం నిలిచింది.

దయగా వచ్చినదాని గతి వేరు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు అది పేద ఇళ్లలో నిజమైన వెలుగు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మూడు పూటలా తినేవాళ్లెవరికీ లేదు. కాని ఒక చేత్తో బియ్యం ఇచ్చిన రాజ్యమే మరో చేత్తో సారా పాకెట్టు అందించింది. రావిశాస్త్రి “ఆరు సారా కథలు”లో సారాకూ, పోలీసుకూ, కోర్టుకూ ఉన్న చుట్టరికాన్ని ముందే చూపించి ఉన్నాడు. ఆ చుట్టరికాన్ని తెంచడానికి పూనుకున్నది ఏ కథకుడూ ఊహించని మనుషులు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, అక్షరాలు నేర్చుకుంటూనే, సారా దుకాణం మూయించడానికి కదిలారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ ఆడవాళ్లు కడుపు మరీ మాడినందువల్ల లేవలేదు. కూలి డబ్బు ఇంటికి చేరితే పిల్లల పళ్లెంలోకి ఏం వస్తుందో లెక్కవేసుకుని లేచారు. ఒట్టి ఆకలే తిరుగుబాటుకు సరిపోయేటట్లయితే మన దేశంలో తిరుగుబాట్లకు కొదవే ఉండేది కాదు. కాస్త నిలదొక్కుకున్న కాళ్లే నడవగలవు.

ఆ తర్వాత 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరిలో దాన్ని ప్రారంభించింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. కరువు పనీ, కంట్రోలు బియ్యమూ చట్టంలో హక్కులుగా చేరాయి. కాగితం మీది హక్కు గుమ్మంలోకి వచ్చేసరికి మళ్లీ దయగా ఎలా మారుతుందో చూడవలసిన పని రచయితలది. చౌకధరల దుకాణంలో యంత్రం ముందు నిలబడి, రెక్కల కష్టంతో అరిగిపోయిన వేలిముద్ర పడక, డీలరు వైపు బతిమాలుతూ చూసే ముసలమ్మ ఈనాటి “జీవధార” పాత్ర. ఊళ్లో సగం నేల దున్నుతూ, ఏ కాగితంలోనూ పేరు లేక, పంట నష్టపరిహారం భూయజమాని ఖాతాలో పడుతుంటే చూస్తూ నిలబడే కౌలురైతు ఈనాటి అప్పల్రాముడు.

6

ఇలాంటి కథలు రావడం లేదని నేననను. వస్తున్నాయి. వాటిలో చాలావాటికి ఉన్న జబ్బు ఏమిటంటే, పేదవాణ్ని ఏడిపించి పాఠకుణ్ని ఏడిపించడంతో తృప్తిపడడం. పాఠకుడి జాలి మీద ఆధారపడే కథ “ఎంపు”లోని గుడ్డివాడి లాంటిదే. జాలి ఎక్కువ, రాబడి ఎక్కువ, మార్పు సున్న. రెండో జబ్బు దీనికి ఎదురు కొసలో ఉంది. కథ పొడుగునా బతుకు లెక్క చెప్పకుండా, చివరి పేరాలో పిడికిలి ఎత్తించడం. లెక్క లేని పిడికిలిని ఎవరూ నమ్మరు.

విమర్శకులుగా మన బాధ్యత కూడా ఉంది. ఒక కథలో బియ్యం ఎంత, కూలి ఎంత, అప్పు ఎవరి దగ్గర, నీళ్లు ఏ గోడ వెనక అని అడగడం శిల్పచర్చకు తక్కువైన పని కాదు. “యజ్ఞం” శిల్పమంతా ఆ వివరాల్లోనే ఉంది. సాహిత్య విద్యార్థులు ఈసారి ఆ కథ చదివినప్పుడు చివరి రెండు పేజీలు పక్కనపెట్టి, ఒక కాగితం మీద అప్పల్రాముడి రాబడీ పోబడీ రాసుకుంటూ చదవాలని నా సూచన. ముగింపు మీద వాళ్ల అభిప్రాయం ఏదైనా కావచ్చు; అది అప్పుడు మాట్లాడితే బరువుంటుంది.

రావిశాస్త్రి “పిపీలికం”లో చీమ తానెవరో తెలుసుకోవాలని శాస్త్రాల వెంట పడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు శాస్త్రంలో దొరకలేదు. కష్టపడి కట్టుకున్న పుట్టలోకి పాము వచ్చి చేరినప్పుడు దొరికింది. కట్టింది ఎవరు, ఉంటున్నది ఎవరు అన్న చిన్న లెక్క వేసుకున్నాక చీమలకు మిగతా దారి తెలిసింది. పుట్టను పాము దయతో చీమలకు అద్దెకిచ్చి ఉంటే ఆ కథ ఎలా నడిచేది? ఈనాటి మన కథకులు రాయవలసింది ఆ కథ.